సమం ఎక్కడికీ పారిపోదు

మా డాన్సు టీచరుగారు ఈ మాఘమాసంలో కాలం చేశారు. విశాఖపట్నం మహారాణిపేటలో, కలెక్టరాఫీసు నుంచి సముద్రం వైపు దిగే సందుల్లో ఒకదానిలో, మేడ మీద వేసిన రేకుల షెడ్డులో దాదాపు నాలుగు దశాబ్దాలు కూచిపూడి నేర్పిన మనిషి ఆవిడ. పత్రికల్లో ఆవిడ గురించి ఏమీ రాలేదు. రావలసినంత ప్రసిద్ధి ఆవిడకు లేదు కూడా. ఆవిడ పేరు చెప్పుకుని పెద్ద వేదికలెక్కిన శిష్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉంటే ఎక్కువ. మిగిలినవాళ్ళమంతా పదో తరగతి పరీక్షల ముందో, ఇంటర్‌లో చేరాకో, పెళ్ళి కుదిరాకో గజ్జెలు విప్పి అటక మీద పెట్టేసినవాళ్ళమే. ఆవిడ తన ఓపికంతా ధారపోసింది మాలాంటి వాళ్ళ మీదనే గనక, ఆవిడ గురించి నాలుగు మాటలు రాయవలసినది కూడా మేమేనని నాకు తోచింది.

కబురు తెలిసిన రాత్రి మా అమ్మకు ఒక ధర్మసందేహం వచ్చింది. నాకు మైల ఉంటుందా, ఉండదా? మరునాడు ఇంట్లో చిన్న పూజ ఉంది. మా పంతులుగారికి ఫోను చేస్తే, రక్తసంబంధం లేదు గనక తలస్నానం చేస్తే చాలునని ముందు చెప్పి, ఆయనే మళ్ళీ కాసేపు ఆగి, ఆచార్యుడు గతిస్తే శిష్యుడికి మూడు రాత్రుల ఆశౌచం ఉందని మనుస్మృతిలో ఉన్న మాట గుర్తు చేశారు. అయితే అది ఉపనయనం చేసి వేదం చెప్పిన గురువు విషయమనీ, డాన్సు టీచరు ప్రసక్తి అందులో ఉండదనీ నవ్వుతూ అన్నారు. మా అమ్మ నవ్వలేదు. "ఏళ్ళ తరబడి దాని చేత కాళ్ళకు దణ్ణం పెట్టించాం కదండీ, ఇప్పుడు కాదంటే ఎలా?" అని మాత్రం అంది. ఆ మూడు రాత్రులూ దేవుడి గదిలో దీపం తనే వెలిగించింది, నన్ను అటు పిలవలేదు. శాస్త్రం ఏమన్నదో నాకు అంత పట్టింపు లేదు గానీ, ఒక డాన్సు టీచరు చనిపోతే ఆవిడ శిష్యురాలు ఎలా దుఃఖించాలన్నదానికి మన ఆచారాల్లో జాగా లేదనీ, ఆ జాగా మా అమ్మ నాకోసం వెతికి చూపించిందనీ అనిపించింది.

టీచరుగారు పుట్టి పెరిగింది విజయనగరంలో. 1919లో పూసపాటి విజయరామ గజపతి స్థాపించగా, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాలుగా ఉన్న సంగీత కళాశాలలో ఆవిడ గాత్రం నేర్చుకున్నారు. నాట్యం మాత్రం, కొన్నాళ్ళు ఆ ఊళ్ళో మకాం పెట్టిన ఒక కూచిపూడి మాస్టారి దగ్గర, నాయనమ్మతో పోట్లాడి మరీ నేర్చుకున్నారు. ఆ పెద్దావిడకు నాట్యం అనగానే వేడుకల్లో దేవదాసీలు ఆడే మేజువాణీలే కళ్ళ ముందు మెదిలేవట. ఆలయాలకు ఆడపిల్లలను అంకితం చేయడాన్ని నిషేధిస్తూ మద్రాసు ప్రభుత్వం 1947లో చట్టం చేసిన తరువాత పదేళ్ళకు లోపే పుట్టిన మనవరాలు కాలికి గజ్జె కడతానంటే, ఆ తరం వాళ్ళు బెదిరిపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. టీచరుగారు ఈ సంగతి చెప్పేటప్పుడు నాయనమ్మను ఎన్నడూ తప్పుపట్టలేదు. "ఆవిడ చూసినవి ఆవిడ చూసింది" అనేవారు.

ఏటా సింహాచలంలో చందనోత్సవం రద్దీ తగ్గాక, ఒక మామూలు రోజున మమ్మల్ని కొండ మీదకు తీసుకువెళ్ళేవారు. దర్శనం అయ్యాక అసలు పాఠం మొదలయ్యేది. తూర్పు గాంగ రాజుల కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన ఆ ఆలయం గోడల మీదా, స్తంభాల మీదా ఉన్న బొమ్మల ముందు నిలబెట్టి, ఈ బొమ్మ బరువు ఏ కాలి మీద ఉందో చెప్పమనేవారు. హస్తం, అంటే చేతి ముద్ర, ఏమిటని అడిగేవారు కాదు, బరువు సంగతే అడిగేవారు. దేవుడి ముందు ఆడిపాడినవాళ్ళకు ఇచ్చిన వృత్తుల, అంటే జీవనాధారాల, ప్రస్తావన ఆ గుడి శాసనాల్లో ఉందని చెప్పి, "వాళ్ళ కాళ్ళు కూడా మీ కాళ్ళలాగే నొప్పిపుట్టి ఉంటాయి" అనేవారు. చరిత్ర పుస్తకాల్లో తరువాత ఎంత చదివినా, ఆ శాసనాలను నాకు దగ్గర చేసింది ఆ ఒక్క మాటే.

ఆవిడ దగ్గర చేరిన పిల్లకు మొదటి కొన్ని నెలలూ ఆట అంటూ ఏదీ ఉండేది కాదు. భూమికి నమస్కారం, మోకాళ్ళు పక్కలకు వంచి అరమండిలో కూర్చోవడం, అడుగు, మళ్ళీ అడుగు. "పాదస్పర్శం క్షమస్వ మే" అని శ్లోకం చెప్పించి, నేలను తొక్కబోతున్నాం గనక ముందుగానే క్షమాపణ అడుగుతున్నామని అర్థం వివరించి, వెంటనే "కాబట్టి తొక్కితే గట్టిగా తొక్కండి, అడిగిన క్షమాపణ వృథా పోకూడదు" అనేవారు. ఆట నడిపేవాళ్ళు చేత్తో మోగించే నట్టువాంగం తాళాలు ప్రదర్శనలకే తప్ప క్లాసులో బయటికి వచ్చేవి కావు. ఒక చెక్క పలక, దాని మీద కొట్టడానికి ఒక కర్ర, అంతే. ఏళ్ళ తరబడి ఒకే చోట దెబ్బ పడి పడి ఆ పలక నడుమ గుంట పడింది. ఆ గుంటలో బొటనవేలు పెట్టి చూడడం మా అందరికీ సరదా. పెడుతూ దొరికిపోతే అరమండిలో పావుగంట.

తధిగిణతోం సంగతి ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆవిడ బోధనంతా నాకు అందులోనే కనిపిస్తుంది. ఆదితాళం ఒక చుట్టు, అంటే ఒక ఆవర్తనం, 8 దెబ్బలు. అందులో సగం తీసుకుంటే 4 దెబ్బలు. దెబ్బకు 4 అక్షరాల చొప్పున 16. తధిగిణతోం అన్నది 5 అక్షరాల మాట. అడుగుల వరసను ముగించే తీర్మానంలో దాన్ని మూడుసార్లు పట్టుకోవాలి, అంటే 15. ఒక అక్షరం మిగిలిపోతుంది. ఆ ఒక్కదాన్నీ మొదట్లో ఖాళీగా వదిలేసి, ఆ తరువాత మూడుసార్లూ వరసగా పడితే, తరువాతి దెబ్బకు సరిగ్గా సమం మీదకు, అంటే తాళం మళ్ళీ మొదలయ్యే చోటికి, వచ్చి నిలుస్తాం. లెక్క ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా అర్థమవుతుంది. కాలికి మాత్రం అర్థం కాదు. ఖాళీగా వదలవలసిన ఆ అక్షరం దగ్గర మా కాళ్ళు ఆగేవి కావు. ఒక్క లిప్త ముందే దూకేవి, దాంతో చివర్లో మేము ముందే వచ్చేసి, కర్ర దెబ్బ మా వెనకాల పడేది. ఆవిడ కర్ర పక్కన పెట్టి, ముక్కు మీదకు జారిన కళ్ళజోడు పైనుంచి చూస్తూ అనేవారు: "ఏటమ్మా ఆ కంగారు? సమం ఎక్కడికీ పారిపోదు."

కోప్పడినప్పుడూ, ముద్దు వచ్చినప్పుడూ మాత్రమే ఆవిడ నోట విజయనగరం యాస వచ్చేది. మామూలుగా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవారు. మెచ్చుకోవడం తెలియని మనిషి. బాగా చేస్తే "ఊఁ" అనేవారు, చాలా బాగా చేస్తే ఏమీ అనకుండా తరువాతి అడుగు చూపించేవారు. ఈ పద్ధతి పిల్లల మనసుకు మంచిది కాదని ఇప్పటివాళ్ళు అనవచ్చు, అందులో కొంత నిజం ఉండవచ్చు కూడా. నేను మాత్రం, ప్రతి చిన్న పనికీ చప్పట్లు కొట్టే ఇప్పటి పద్ధతి కంటే ఆ "ఊఁ"నే ఎక్కువ నమ్ముతాను.

మా బ్యాచిలో ఒక అబ్బాయి ఉండేవాడు. రైల్వే క్వార్టర్స్ నుంచి సైకిలు మీద వచ్చేవాడు. వాడు చేరిన కొత్తలో మేమంతా ముసిముసిగా నవ్వుకుంటుంటే, టీచరుగారు ఏమీ అనలేదు. మరుసటి క్లాసుకు పత్రికలోంచి కత్తిరించి దాచుకున్న ఒక ఫొటో తెచ్చి, ఈ సత్యభామ ఎలా ఉందో చెప్పండర్రా అన్నారు. ఆ కళ్ళు, ఆ మెడ విరుపు, ముందుకు తెచ్చుకున్న ఆ జడ చూసి మేమంతా ఆవిడ ఎంత బాగుందో అని పోటీలుపడి చెప్పాం. "ఆవిడ కాదు, ఆయన. వేదాంతం సత్యనారాయణశర్మ గారు" అన్నారు. కృష్ణా జిల్లా కూచిపూడిలో తరతరాలుగా ఈ నాట్యం ఆడినది మగవాళ్ళేననీ, సిద్ధేంద్రయోగి రూపొందించాడని చెప్పే భామాకలాపంలో సత్యభామ వేషం కట్టడం అక్కడి భాగవతుల ఇళ్ళలో పుట్టిన మగపిల్లలకు గొప్ప గౌరవమనీ, ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఇందులోకి రావడం నిన్నమొన్నటి మాటేననీ చెప్పారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఆ భాగవతుల ఆటను ఒక్కరే ఆడదగిన అంశాలుగా, ఒక క్రమమున్న పాఠాలుగా మలచకపోతే, విశాఖపట్నంలో ఒక మేడ మీద మనం ఇలా తైతైలు చెప్పుకునేవాళ్ళం కాదని కూడా ఆవిడే చెప్పారు. "కాబట్టి ఇక్కడ కొత్తగా వచ్చింది వాడు కాదు, మీరు" అన్నారు. ఆ అబ్బాయి ఇప్పుడు పోర్టులో క్రేను నడుపుతున్నాడు. పాడె మోసినవాళ్ళలో వాడొకడు.

మేడ మీద నుంచి చూస్తే దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండా, దాని మీద లైట్‌హౌసూ కనిపించేవి. సాయంత్రం కరెంటు పోయిందంటే అడుగులు ఆపించి, మమ్మల్ని పిట్టగోడ వెంబడి నిలబెట్టి దృష్టిభేదాలు, అంటే చూపు తిప్పే తీరులు, చేయించేవారు. నాట్యం గురించిన పాత సంస్కృత గ్రంథం అభినయదర్పణంలో దృష్టిభేదాలు ఎనిమిది: సమం, ఆలోకితం, సాచి, ప్రలోకితం, నిమీలితం, ఉల్లోకితం, అనువృత్తం, అవలోకితం. తల కదలకూడదు, కనుబొమ లేవకూడదు. లైట్‌హౌసు లైటు వెలిగినప్పుడు చూపు మార్చాలి, ఆరిన చీకట్లో నిలపాలి. ఊరంతా చీకటిగా ఉండి, కింద వీధిలో ఎవరో కరెంటోళ్ళను తిడుతూ ఉంటే, మేము మాత్రం కొండ మీది వెలుగుకు లోబడి కళ్ళు తిప్పుతూ ఉండేవాళ్ళం. కళ్ళలోంచి నీళ్ళు కారేవి. ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకుంటే నా కళ్ళు నావి కానట్టుండేవి.

గజ్జెల సంగతి సముద్రపుటూళ్ళ వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఎంత గుడ్డలో చుట్టినా ఉప్పుగాలికి ఆకుపచ్చగా చిలుం పట్టేవి. నెలకొక ఆదివారం అందరం పెరటి కుళాయి దగ్గర చేరి చింతపండుతో తోమేవాళ్ళం. గజ్జె గజ్జెకూ వేలు తిప్పి, లోపలి గుండు ఆడుతోందో లేదో చెవి దగ్గర పెట్టి విని, మూగబోయినదాన్ని తాడులోంచి తీసేయాలి. ఆవిడ ఆ పనికి కూడా తాళం వేసేవారు.

వేదికల గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. ఏడాదికోసారి కళాభారతిలోనో, శివరాత్రికి ఏదో ఒక గుళ్ళోనో మా ప్రదర్శన ఉండేది. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి తరంగం ఆడే భాగ్యం పెద్దపిల్లలకు మాత్రమే దక్కేది, నాకు దక్కలేదు. వేలమంది ఒకేసారి ఆడి రికార్డు స్థాపించే కార్యక్రమాలకు ఆవిడ పిల్లలను పంపలేదు. తల్లిదండ్రులు నొచ్చుకుంటే, "అంతమందిలో మీ అమ్మాయి అడుగు తప్పితే ఎవరు చూస్తారండీ? ఎవరూ చూడనిచోట నేనెందుకు నేర్పినట్టు?" అన్నారు. దానివల్ల కొందరు పిల్లలు మానేశారు. వాళ్ళను దాటుకుని వెళ్ళేటప్పుడు ఆవిడ ముఖం తిప్పుకోలేదు, వాళ్ళ చదువుల గురించి అడిగి వెళ్ళేవారు.

2012 జూలై చివర్లో వెంపటి చినసత్యం గారు పోయారు. అప్పటికి మా అక్క కూతురు టీచరుగారి దగ్గర నేర్చుకుంటూ ఉండేది, దాన్ని దింపడానికి వెళ్ళిన నేను అక్కడే ఉండిపోయాను. ఆవిడ ఆయన దగ్గర నేరుగా నేర్చుకోలేదు. అయినా ఆ సాయంత్రం ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఫొటోకు దండ వేయలేదు, క్లాసుకు సెలవు ఇవ్వలేదు. పెద్దపిల్లలనూ చిన్నపిల్లలనూ కలిపి నిలబెట్టి, అందరికంటే చిన్నపిల్లకు నేర్పే మొట్టమొదటి అడుగును మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, క్లాసు అయ్యేవరకూ, అదొక్కటే చేయించారు. పిల్లలకు విసుగు వచ్చింది, కాళ్ళు లాగాయి, ఎందుకో తెలియలేదు. అదే ఏడాది నవంబరులో సత్యనారాయణశర్మ గారు పోయినప్పుడు కూడా అదే అడుగు, అదే పద్ధతి. ఈసారి పిల్లల్లో ఎవరో "ఎవరైనా చచ్చిపోయారా టీచర్?" అని అడిగారట. మా అక్క కూతురు ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరి మీదుగా పోయినప్పుడు మేడ మీది షెడ్డు రేకులన్నీ ఎగిరిపోయాయి. ఒక రేకు రెండు వీధుల అవతల దొరికింది. పలకా కర్రా మాత్రం కింద ఇంట్లో ఉండబట్టి దక్కాయి. జతులు, అంటే అడుగులకు నోటితో చెప్పే అక్షరాల వరసలు, రాసుకున్న నోటుపుస్తకాలు సగం నానిపోయాయి. ఊళ్ళో కరెంటు ఇంకా రానేలేదు, ఆవిడ హాల్లో కుర్చీలు గోడవారకు జరిపి క్లాసు మొదలుపెట్టారు. మళ్ళీ రేకులు వేయించలేదు. అప్పటినుంచి చివరిదాకా పాఠం ఆ హాల్లోనే సాగింది.

పక్షవాతం వచ్చింది నాలుగేళ్ళ కిందట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. చాలామందికి మాట పుట్టే చోటు మెదడులో ఎడమవైపు ఉంటుందనీ, ఆ వైపు దెబ్బ తగిలితే శరీరంలో కుడివైపుతో పాటు మాట కూడా పోతుందనీ డాక్టరుగారు వాళ్ళబ్బాయికి చెప్పారు. మనం చెప్పేది ఆవిడకు చాలావరకు అర్థమయ్యేది. చెప్పాలనుకున్నది నోట్లోకి వచ్చేది కాదు. కొడుకు పేరు పలకడానికి ప్రయత్నించి, రాక, ఎడమ చెయ్యి విదిలించి కళ్ళు మూసుకునేవారు. జీవితమంతా తప్పు అక్షరం వినబడితే ఓర్చుకోలేకపోయిన మనిషి నోట అక్షరమే రాకుండా పోవడం చూడడానికి వెళ్ళినవాళ్ళకు ఎలా ఉండేదో వేరే చెప్పనక్కరలేదు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి, మా అందరిలోకీ సీనియరు, ఇప్పటికీ నాట్యం వదలని మా అక్కయ్య (మేమంతా అలాగే పిలుస్తాం) ఆవిడ మంచం పక్కన కూర్చుని ఉంది. ఏం మాట్లాడాలో తోచక, అక్కయ్య మంచం పట్టె మీద వేళ్ళతో మెల్లగా తాళం వేస్తూ, ఒక పాత జతి నోటితో అనడం మొదలుపెట్టింది. తీర్మానం దగ్గరికి వచ్చేసరికి, కావాలనో పొరపాటునో నాకు ఇప్పటికీ తెలియదు, ఖాళీ వదలవలసిన చోట వదలకుండా ముందుకు పోయింది. టీచరుగారు ఎడమ చెయ్యి ఎత్తి ఆపారు. ఆపి, ఎక్కడా తడబడకుండా, గొంతు కొంచెం బొంగురుగా, తధిగిణతోం తధిగిణతోం తధిగిణతోం అని ముందు ఒక అక్షరం వదిలి మరీ పట్టి, సమం మీద పట్టె మీద చేత్తో కొట్టారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కొడుకు పేరు రాని నోట జతి వచ్చింది.

పాట, మంత్రం, ఎక్కాలు వంటి కంఠస్థమైనవి ఇలాంటి రోగుల్లో కొందరికి మిగిలే ఉంటాయని డాక్టరుగారు తరువాత చెప్పారు. పాడించి పాడించి మాట తెప్పించే చికిత్స కూడా ఉందట. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయికి ఈ సంగతి చెబితే, ఆ అమ్మాయి తెలివైనది, మరునాటినుంచి కాలు ఎత్తించడానికి ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మానేసి "తా, ధిత్, తై" అనడం నేర్చుకుంది. తప్పుగా అంటే టీచరుగారు కాలు ఎత్తేవారు కాదు. ఆ ఇంట్లో అప్పుడప్పుడు నవ్వు వినిపించిందంటే ఆ అమ్మాయి పుణ్యమే. మాట పూర్తిగా తిరిగి రాలేదు. కానీ ఆ తరువాత ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి మాలో ఎవరూ జంకలేదు. వెళ్ళేవాళ్ళం, ఏదో ఒక జతి తప్పుగానో ఒప్పుగానో చెప్పేవాళ్ళం. ఒప్పుగా చెబితే "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ" మాత్రం ఎక్కడికీ పోలేదు.

అక్కడే ఎన్నో ఏళ్ళ తరువాత నా పాత స్నేహితులంతా మళ్ళీ కలిశారు. ఒకామె నర్సు. రోగిని మంచం మీదనుంచి లేపేటప్పుడు తోటివాళ్ళందరికీ నడుము పట్టేస్తే తనకు పట్టదనీ, తెలియకుండానే మోకాళ్ళు పక్కలకు తీసి అరమండిలో కూర్చుని బరువు తొడల మీదకు తీసుకుంటానని తోటి నర్సులు చెబితే గానీ తనకే తెలియలేదనీ చెప్పింది. ఒకామె సీతమ్మధారలో కర్రీ పాయింటు నడుపుతోంది, పొద్దున్నించి రాత్రిదాకా నిలబడే పని. నేను బ్యాంకులో కౌంటరు ఉద్యోగం చేస్తాను. ఎదుటివాళ్ళు అరుస్తున్నప్పుడు బదులు చెప్పేముందు నాలో ఏదో ఒక అక్షరం కాలం ఆగుతుంది. అది నా ఓర్పు అని మా మేనేజరుగారు అనుకుంటున్నారు. నాట్యం మానేసినవాళ్ళను లెక్కలోంచి తీసేసి, ఎంతమంది కళాకారులను తయారుచేశారని ఒక గురువును అడగడం మనవాళ్ళకు అలవాటు. ఆ లెక్క ప్రకారం మా టీచరుగారి ఖాతాలో పెద్దగా ఏమీ ఉండదు. నాకు ఆ లెక్క మీదనే నమ్మకం లేదు.

పోయిన రోజున సందంతా నిండిపోయింది. మా ఇళ్ళలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళే ఆచారం లేదు గనక, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో నూటికి తొంభైమంది సందు మొదట్లోనే ఆగిపోవలసి వచ్చింది. చెప్పులు వదిలేసి నిలబడ్డాం. బండి కదిలేముందు అక్కయ్య వంగి, నేల తాకి, కళ్ళకద్దుకుంది, క్లాసు చివర చేసే నమస్కారం అది. తరువాత ఒకరొకరుగా అందరం అదే చేశాం. దారినపోయే వాళ్ళు ఇదేం ఆచారమోనని చూశారు.

పెద్దకర్మ అయ్యాక వాళ్ళబ్బాయి మమ్మల్ని పిలిచి, అమ్మ సామాను ఏం చేయమంటారని అడిగారు. ఆయనకు నాట్యం రాదు. చిన్నప్పుడు తల్లి నేర్పబోతే క్రికెట్‌కు పారిపోయానని తనే చెప్పుకున్నారు. గజ్జెలు అక్కయ్యకు ఇవ్వాలని అందరం ఒక్కమాట మీద అన్నాం. తాళాలు, ఇప్పుడు అక్కయ్య దగ్గర నేర్చుకుంటున్న పిల్లల క్లాసుకే వెళ్ళాయి. పలక మాత్రం ఇవ్వనన్నారాయన. "నాకు దాని చప్పుడే జోలపాట అండీ, అది ఇక్కడే ఉండనివ్వండి" అన్నారు. ఎవరూ మారు మాట్లాడలేదు.

నోటుపుస్తకాలు నా పాలికి వచ్చాయి, బ్యాంకులో పనిచేస్తాను గనక రాత ఓపిగ్గా చూస్తానని కాబోలు. తుపానుకు నానిన పేజీల్లో సిరా పక్క పేజీకి అంటుకుని అక్షరాలు రెండేసి కనిపిస్తాయి. జతులు తెలుగులోనే రాసుకున్నారు. ఖాళీ అక్షరం ఉన్న ప్రతి చోటా చిన్న సున్న చుట్టి, కొన్నిచోట్ల దాని కింద ఎర్ర సిరాతో గీత గీశారు. పక్కన అప్పుడప్పుడు పిల్లల ఇంటిపేర్లో, గుర్తులో ఉన్నాయి, ఎవరు ఎక్కడ తప్పుతారో గుర్తుపెట్టుకోవడానికి కాబోలు. నా గుర్తు ఎర్ర గీత ఉన్న ప్రతి సున్న దగ్గరా ఉంది. చూసి కాసేపు పుస్తకం మూసేశాను.

వీటిని శుభ్రంగా తిరగరాసి, అక్కయ్య చూశాక, ఆవిడ దగ్గర నేర్చుకున్న ప్రతివాళ్ళకూ ఒక ప్రతి ఇవ్వాలని అనుకున్నాం. చాలావరకు అయింది. ఏడు లెక్కల మిశ్రచాపు తాళంలోని ఒక్క జతి దగ్గర మాత్రం పని ఆగింది. చివరి రెండు వరసలు నీళ్ళకు పూర్తిగా చెరిగిపోయాయి. అక్కయ్య తనకు నేర్పిన ముగింపు ఒకటి చెబుతోంది, నర్సు స్నేహితురాలు తనకు నేర్పింది వేరే అని పట్టుపడుతోంది, ఇద్దరి లెక్కా సమం మీదకే వస్తోంది. క్రేను నడిపే అబ్బాయి ఇద్దరివీ కావంటున్నాడు. ఫోనులో తేలే వ్యవహారం కాదు గనక, ఈ ఆదివారం అందరం అక్కయ్య ఇంట్లో కలిసి, మూడు ముగింపులూ ఆడి చూసి, ఏది ఆవిడ నడకో తేల్చాలని నిశ్చయించాం. నర్సు స్నేహితురాలు మోకాళ్ళకు కట్టుకునే పట్టీలు ఇప్పుడే కొనుక్కుంది.